ఆకాశహర్మ్యాల నుంచి హాజీల డేరాల దాకా

హజ్ చేసి వచ్చిన మన పెద్దలను ఎవరినైనా కదిలించి చూడండి. కాబా గృహం మొదటిసారి కంటపడిన క్షణం గురించి చెబుతారు. అరఫాత్ మైదానంలో కార్చిన కన్నీళ్ల గురించి చెబుతారు. ఇంకాస్త తీరిక చేసుకుని కూర్చుంటే జిద్దా విమానాశ్రయం ముచ్చట కూడా వస్తుంది. తల పైకెత్తితే తెల్లని డేరాలు, ఎంత దూరం చూసినా డేరాలే. చుట్టూ గోడలు లేవు. బయట నిప్పులు చెరిగే ఎండ. డేరాల కింద మాత్రం గాలి ఆడుతూ ఉంటుంది. మూటలు పక్కన పెట్టుకుని, ఇహ్రామ్ దుస్తుల్లో వేలాది మంది ఆ నీడలో సేదదీరుతూ ఉంటారు.

ఈ డేరాలు ఎవరు వేశారని మేము కొందరు హాజీలను అడిగాం. సౌదీ ప్రభుత్వం అన్నారు కొందరు. ఎవరో అమెరికా కంపెనీవారట అన్నారు మరికొందరు. రెండు మాటలూ నిజమే. అయితే అసలు విశేషం ఇంకొకటి ఉంది. ఆ అమెరికా కంపెనీ పేరుపడింది డేరాలకు కాదు, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనాలకు. ఆ భవనాలను అంత ఎత్తున నిలబెట్టే ఉపాయం కనిపెట్టిన మనిషి ఢాకా నగరంలో పుట్టిన ఒక ముస్లిం. ఆయన పేరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. ఆయన కట్టించిన భవనాల పేర్లు లోకానికి తెలుసు గానీ ఆయన పేరు మన ఇళ్లలో పెద్దగా వినబడదు. అందుకే ఈ వారం ఆ సంస్థ గురించి, ఆ మనిషి గురించి పాఠకులతో నాలుగు మాటలు పంచుకోదలిచాం.

ముగ్గురి పేరుతో ఒక సంస్థ

అమెరికాలోని షికాగో నగరంలో 1936లో లూయిస్ స్కిడ్‌మోర్, నథానియెల్ ఓవింగ్స్ అనే ఇద్దరు కలిసి ఒక ఆర్కిటెక్ట్ సంస్థ ప్రారంభించారు. 1939లో జాన్ మెరిల్ అనే ఇంజనీరు వారితో చేరారు. ముగ్గురి పేర్లూ కలిపి దాన్ని స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అంటారు. క్లుప్తంగా ఎస్.ఓ.ఎం. అని పిలుస్తారు.

ఇల్లు కట్టుకున్న ప్రతివారికీ ఒక సంగతి అనుభవమే. ప్లాను గీసేవారు ఒకరు, స్తంభం ఎంత మందం ఉండాలి, ఎన్ని ఇనుప చువ్వలు వేయాలి అని లెక్క కట్టేవారు మరొకరు. మొదటివారు ఆర్కిటెక్ట్, రెండోవారు స్ట్రక్చరల్ ఇంజనీరు. మామూలుగా ఆర్కిటెక్ట్ బొమ్మ గీసి ఇస్తే, దాన్ని నిలబెట్టే బాధ్యత ఇంజనీరు నెత్తిన పడుతుంది. ఎస్.ఓ.ఎం. సంస్థ మొదటి నుంచీ ఈ ఇద్దరినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టింది. గీసే చేయి, లెక్కించే చేయి కలిసి పనిచేయడమే ఆ సంస్థ బలం. బ్రూస్ గ్రాహం అనే ఆర్కిటెక్టూ, ఫజ్లుర్ ఖాన్ అనే ఇంజనీరూ ఒక జంటగా చేసిన పని ఇందుకు మేలైన ఉదాహరణ.

లెక్కల మాస్టారి అబ్బాయి

ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ 1929 ఏప్రిల్ 3న ఢాకాలో జన్మించారు. తండ్రి అబ్దుర్ రహ్మాన్ ఖాన్ లెక్కల ఉపాధ్యాయుడు, పాఠ్యపుస్తకాల రచయిత. బెంగాల్ విద్యాశాఖలో ఉన్నత పదవికి ఎదిగి, పదవీ విరమణ తర్వాత ఢాకాలోని జగన్నాథ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. లెక్క అంటే భయం లేని ఇంట్లో పెరిగిన పిల్లవాడు సివిల్ ఇంజనీరింగ్ చదవడానికి కలకత్తా పక్కనున్న శిబ్‌పూర్‌లోని బెంగాల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరాడు.

దేశవిభజన గాయాలు ఇంకా మానని రోజులవి. 1950లో చెలరేగిన అల్లర్ల కారణంగా ఆయన చివరి పరీక్షల వేళ ఢాకాకు తిరిగి రావలసి వచ్చింది. అక్కడి అహ్సానుల్లా ఇంజనీరింగ్ కాలేజీలో చదువు పూర్తిచేశారు. ఇల్లు చెదిరినా, ఊరు మారినా చదువు మాత్రం ఆగలేదు.

1952లో స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. మూడేళ్లలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక డాక్టరేటు సంపాదించారు. 1955లో షికాగోలోని ఎస్.ఓ.ఎం.లో ఉద్యోగంలో చేరారు. మధ్యలో స్వదేశానికి తిరిగి వచ్చి కరాచీ డెవలప్‌మెంట్ అథారిటీలో కొంతకాలం పనిచేశారు. కానీ అక్కడ ఫైళ్లు, పరిపాలన పనులే తప్ప డిజైన్ చేసే అవకాశం దొరకలేదు. మనసొప్పక 1960లో మళ్లీ షికాగో చేరుకున్నారు. 1966లో ఆ సంస్థలో భాగస్వామి అయ్యారు.

ఎత్తుకు గాలి వేసే పన్ను

ఇంతకీ ఆయన కనిపెట్టిందేమిటి? అది తెలియాలంటే ఎత్తయిన భవనానికి అసలు శత్రువు ఎవరో తెలియాలి. బరువే శత్రువు అనుకుంటాం. బరువు కిందికే పోతుంది. దాన్ని మోయడానికి గట్టి స్తంభాలు, గట్టి పునాది వేస్తే సరిపోతుంది. అంతకన్నా మొండి శత్రువు పక్క నుంచి తోసే గాలి.

ఒక కర్రను నేలలో పాతి పై కొసను వేలితో నెట్టి చూడండి. పొట్టి కర్ర కదలదు. అదే మందం ఉన్న పొడుగు కర్ర ఊగుతుంది. భవనమూ అంతే. గాలి ఒకే తీరున వీస్తోందనుకుంటే, అదే మందంలో ఎత్తు రెట్టింపు చేసినప్పుడు పాదం దగ్గర వంచే బలం నాలుగు రెట్లవుతుంది. పైన ఊగుడు ఏకంగా 16 రెట్లవుతుంది. పాత పద్ధతిలో కట్టే ఉక్కు భవనాల్లో లోపలంతా స్తంభాలు, దూలాలు అల్లి ఈ ఊగుడును ఆపేవారు. అందువల్ల అంతస్తులు పెరిగేకొద్దీ ఉక్కు ఖర్చు విపరీతంగా పెరిగిపోయేది. ఎత్తుకు గాలి వేసే పన్ను అనుకోవచ్చు దీన్ని.

ఖాన్ ఈ చిక్కును కొత్త కంటితో చూశారు. మన పొలం గట్టున ఉండే వెదురును తలచుకుంటే ఆయన ఆలోచన సులువుగా అర్థమవుతుంది. వెదురు లోపల డొల్ల. బలమంతా చుట్టూ ఉన్న గోడలో ఉంటుంది. అయినా గాలివానలో కూడా నిలుస్తుంది. అలాగే భవనం బలాన్ని నడిమి స్తంభాల్లో చెల్లాచెదురుగా ఉంచకుండా, బయటి గోడల్లోకి తెచ్చి, స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపి, దూలాలతో గట్టిగా బిగిస్తే భవనం మొత్తం ఒక గొట్టంలా గాలిని ఎదుర్కొంటుంది. ఇంజనీర్లు దీన్ని ట్యూబ్ పద్ధతి అంటారు. 1960 దశకంలో షికాగోలో నలభైకి పైగా అంతస్తులతో కట్టిన డివిట్-చెస్ట్‌నట్ అపార్ట్‌మెంట్ల భవనంలో ఆయన దీన్ని మొదటగా అమలు చేశారు.

తర్వాత వచ్చింది జాన్ హాంకాక్ సెంటర్. 1969లో పూర్తయిన ఈ భవనానికి 100 అంతస్తులు, 344 మీటర్ల ఎత్తు. బయటి గోడల మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల్లాంటి ఉక్కు దూలాలు కనిపిస్తాయి. అవి అలంకారం కోసం పెట్టినవి కావు. గాలి తోపును పంచుకుని నేలకు చేర్చేవి అవే. కింద దుకాణాలు, కార్లు నిలిపే చోటు, ఆపైన ఆఫీసులు, ఇంకా పైన సుమారు 700 కాపురాలు, అన్నీ ఒకే భవనంలో అమర్చారు. 2018 నుంచి దాన్ని 875 నార్త్ మిషిగన్ అవెన్యూ అని పిలుస్తున్నారు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. న్యూయార్క్‌లో 1931లో కట్టిన 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనానికి ప్రతి చదరపు మీటరు నేలకు సుమారు 206 కిలోల ఉక్కు పట్టింది. దాదాపు అన్ని అంతస్తులే ఉన్న హాంకాక్ భవనానికి సుమారు 145 కిలోలు సరిపోయింది. బలం తగ్గలేదు, ఉక్కు తగ్గింది. ఖాన్ విద్య అంతా ఈ ఒక్క లెక్కలో ఉంది. పైకి చూసేవారికి ఆయన ఎత్తు పెంచిన మనిషి. పని తెలిసినవారి దృష్టిలో ఆయన దుబారా తగ్గించిన మనిషి.

ఆ తర్వాత సియర్స్ టవర్ వచ్చింది. ఒక వెదురు బదులు తొమ్మిది వెదుళ్లను కట్టగా కట్టినట్టు, ఒక్కొక్కటి 75 అడుగుల చదరంగా ఉన్న తొమ్మిది గొట్టాలను కలిపి దీన్ని నిలిపారు. రెండు గొట్టాలు 50వ అంతస్తు దగ్గర ఆగుతాయి, రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర. మిగిలిన రెండే శిఖరం దాకా వెళతాయి. 110 అంతస్తులు, 442 మీటర్లు. 1973లో అది ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనమైంది. 1998లో మలేషియాలోని పెట్రోనాస్ జంట భవనాలు పూర్తయ్యేదాకా ఆ పేరు దానిదే. 2009లో దాని పేరు విల్లిస్ టవర్‌గా మారింది.

ఎత్తులో కూర్చున్నా నేలను మరువలేదు

1971లో తూర్పు బెంగాల్ రక్తసిక్తమైనప్పుడు సియర్స్ టవర్ పనులు జోరుగా సాగుతున్నాయి. చేతినిండా పని, పేరు, హోదా అన్నీ ఉన్న ఖాన్ అప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. షికాగోలోని బెంగాలీలను కూడగట్టి బాధితుల సహాయానికి నిధుల సంస్థ స్థాపించారు. తన ప్రజల గోడు అమెరికా పెద్దల చెవిన వేయడానికి మరో సంఘం నడిపారు. సాంకేతిక నిపుణుడు తన యంత్రాల్లో, లెక్కల్లో మునిగిపోయి మనుషులను, జీవితంలోని అందాన్ని మరిచిపోకూడదని ఆయన చెబుతుండేవారు. చెప్పినట్టే బతికారు. బెంగాలీ పాటలంటే ఆయనకు ప్రాణం.

జిద్దాలో మాత్రం ఎత్తు కాదు, నీడ

ఇలాంటి సంస్థకు, ఇలాంటి ఇంజనీరుకు 1970 దశకంలో జిద్దా నుంచి ఒక పని వచ్చింది. అంతకుముందు మన హాజీలు ఎక్కువ మంది బొంబాయి నుంచి ఓడ మీద రోజుల తరబడి ప్రయాణం చేసేవారు. ఆ ఓడలు 1995 దాకా నడిచాయి. కానీ విమానాల్లో వచ్చేవారి సంఖ్య ఏటేటా పెరిగిపోతోంది. ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే లక్షల మంది వచ్చిపడతారు. వచ్చినవారు బస్సుల కోసం, కాగితాల కోసం గంటల తరబడి వేచి ఉండాలి. వచ్చేటప్పుడు 50,000 మంది 18 గంటల దాకా, వెళ్లేటప్పుడు 80,000 మంది 36 గంటల దాకా ఉండేందుకు వీలుగా చోటు కావాలన్నది లెక్క. వారిలో ముసలివారుంటారు, జబ్బుపడ్డవారుంటారు, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కినవారుంటారు.

అంత మందికి గోడలు కట్టి, లోపల చల్లదనం యంత్రాలు పెడితే ఖర్చు కొండంత. ఏడాదిలో ఎక్కువ భాగం ఆ భవనం ఖాళీగా పడి ఉంటుంది. ఎత్తయిన మేడలు కట్టే సంస్థ కదా, దిమ్మతిరిగే భవనం ఒకటి లేపి ఉండవచ్చు. అలా చేయలేదు. సంస్థకు చెందిన గోర్డన్ బన్షాఫ్ట్ అనే ఆర్కిటెక్టూ, ఫజ్లుర్ ఖానూ కలిసి ఎడారి మనిషి వేల ఏళ్లుగా ఎరిగిన డేరానే ఎంచుకున్నారు. మినాలో హాజీలు గడిపేది కూడా డేరాల్లోనే కదా.

ఆ డేరాలు మొత్తం 210. ఒక్కొక్కటి 45 మీటర్ల చదరం. ఒక్కో వరుసగుంపులో 21 చొప్పున పది గుంపులు. అన్నీ కలిపితే 105 ఎకరాల నీడ. మన ఊళ్లో 105 ఎకరాల మాగాణి ఎంత ఉంటుందో ఊహించుకుంటే దాని విస్తీర్ణం అర్థమవుతుంది. గుడ్డ మామూలు గుడ్డ కాదు. గాజు నూలుతో నేసి, పైన టెఫ్లాన్ పూత పూసినది. తెల్లగా ఉండి ఎండ వేడిని చాలా మటుకు వెనక్కి కొట్టేస్తుంది. కొద్దిపాటి వెలుతురును మాత్రం లోపలికి రానిస్తుంది. కాబట్టి పగలు దీపాలు అక్కరలేదు. సుమారు 45 మీటర్ల ఎత్తున్న ఉక్కు స్తంభాల నుంచి ఇనుప తాళ్లతో ఈ డేరాలను వేలాడదీశారు. ప్రతి డేరా నడుమ శంఖువులా పైకి లేచి ఉంటుంది, కొసన తెరుచుకుని ఉంటుంది. వేడిగాలి ఆ దారిన పైకి పోతుంది, పక్కల నుంచి కొత్త గాలి వస్తుంది. విమానం దిగగానే తనిఖీలు జరిగే భాగానికి చల్లదనం యంత్రాలున్నాయి. డేరాల కింది విశాలమైన ప్రాంగణాన్ని మాత్రం నీడా గాలీ చల్లబరుస్తాయి.

షికాగోలో ఉక్కును పొదుపు చేసిన ఆలోచనే ఇక్కడ గోడలనూ, యంత్రాలనూ పొదుపు చేసింది. పని ఒకటే. అక్కడ పైకి సాగింది, ఇక్కడ నేల మీద పరుచుకుంది.

1981లో ఈ టెర్మినల్ వాడుకలోకి వచ్చింది. మరుసటి ఏడాది, 1982 మార్చి 27న, పని మీద జిద్దా వచ్చిన ఫజ్లుర్ ఖాన్ గుండెపోటుతో అక్కడే కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. అప్పటికి ఆయన వయసు 52 ఏళ్లు. ఆయన్ను షికాగోలో ఖననం చేశారు. 1983లో హజ్ టెర్మినల్‌కు ఆగాఖాన్ వాస్తు పురస్కారం లభించింది. 2010లో అమెరికా ఆర్కిటెక్టుల సంఘం, పాతికేళ్లు దాటినా విలువ తగ్గని కట్టడానికి ఇచ్చే పురస్కారం దీనికి ఇచ్చింది. షికాగోలో సియర్స్ టవర్ పక్కనున్న వీధి కూడలికి 1998లో ఆయన పేరు పెట్టారు.

బుర్జ్ ఖలీఫాలో ఇఫ్తార్

సంస్థ ఆయనతో ఆగిపోలేదు. 2010 జనవరి 4న దుబాయ్‌లో ప్రారంభమైన బుర్జ్ ఖలీఫా కూడా ఎస్.ఓ.ఎం. గీసిందే. ఆర్కిటెక్ట్ ఏడ్రియన్ స్మిత్, ఇంజనీరు బిల్ బేకర్. ఎత్తు 828 మీటర్లు. నేటికీ ప్రపంచంలో అంత ఎత్తయిన భవనం మరొకటి లేదు. మూడు రెక్కలు నడిమి దిమ్మెను మూడు వైపుల నుంచి ఆనుకుని ఒకదాన్నొకటి నిలబెడతాయి. పైకి పోయేకొద్దీ రెక్కలు మెట్లుమెట్లుగా తగ్గుతూ పోతాయి కాబట్టి గాలి ఒకే తీరున పట్టు చిక్కించుకోలేదు.

ఈ ఎత్తు మన ధర్మంలో ఒక వింత ప్రశ్నను కూడా లేవనెత్తింది. కింద సూర్యుడు అస్తమించినా పై అంతస్తుల్లో ఉన్నవారికి ఇంకా కనిపిస్తూనే ఉంటాడు. మరి ఉపవాసం ఎప్పుడు విరమించాలి? 2011 రమజాన్‌లో దుబాయ్ గ్రాండ్ ముఫ్తీ దీనికి జవాబిచ్చారు. 80వ అంతస్తు పైన ఉన్నవారు రెండు నిమిషాలు, 150వ అంతస్తు పైన ఉన్నవారు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలన్నారు. ఒకే భవనంలో మూడు ఇఫ్తార్ వేళలన్నమాట!

మరి ఎత్తు గొప్పదేనా?

ఇంతదాకా చదివిన పాఠకుల్లో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. మాకూ వచ్చింది. ప్రళయదినం సమీపించే సూచనల్లో ఒకటి, చెప్పులు కూడా లేని నిరుపేద గొర్రెలకాపరులు ఎత్తయిన భవనాల్లో పోటీపడటం అని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్టు సహీ ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. నేల మీద అహంకారంతో నడిచే మనిషి ఎంత మిడిసిపడినా కొండలంత ఎత్తు కాలేడని బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరిస్తోంది. అలాంటప్పుడు మేడల గురించి గర్వపడటం ఏమిటి?

ఈ హెచ్చరికను తేలికగా తీసుకోరాదని మా అభిప్రాయం. నీకన్నా నాది ఎత్తు అనే పోటీలో కట్టిన మేడకు విలువ లేదు. బుర్జ్ ఖలీఫా కట్టిన కూలీల్లో అత్యధికులు భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వంటి దేశాల నుంచి వెళ్లిన పేదలే. 2006 మార్చిలో జీతాలు, పని పరిస్థితుల మీద వారు ఆందోళనకు దిగిన వార్త ప్రపంచమంతా చదివింది. భవనాన్ని గీసినవారు వేరు, కూలీలను పనిలో పెట్టుకున్నవారు వేరు. అయినా మేడను చూసి మురిసేవారు ఆ చేతులను కూడా గుర్తుంచుకోవాలి. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది మన ధర్మం నేర్పిన పాఠం. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు మనుషులను పంపిన మన ఇళ్లకు ఈ మాట వేరే చెప్పనవసరం లేదు.

అదే సమయంలో విద్యను, పోటీని ఒకే గాటన కట్టకూడదు. ఫజ్లుర్ ఖాన్ నేర్చిన విద్య గాలి తీరును తెలుసుకోవడం, ఉక్కును దుబారా చేయకపోవడం, తక్కువతో ఎక్కువ మందికి పనికివచ్చేట్టు చేయడం. దుబారాను ఖుర్ఆన్ గట్టిగా నిషేధించింది. ఈ విద్యతోనే ఆయన షికాగోలో 110 అంతస్తులు లేపారు. ఈ విద్యతోనే జిద్దాలో మన నానీ, దాదాల తల మీద నీడ పరిచారు. మొదటిది చూసి లోకం ఆశ్చర్యపోయింది. రెండోదాని కింద కూర్చుని ఎందరు హాజీలు చల్లగా ఊపిరి పీల్చుకున్నారో!

ఈ ఏడాది కూడా మన ఇళ్ల నుంచి ఎందరో ఇంజనీరింగ్ సీటు కోసం కోచింగులకు పరుగెడుతున్నారు. ఏ కోర్సుకు ఎంత జీతం అన్న లెక్క తల్లిదండ్రుల నోట వినబడుతోంది. ఆ లెక్క వద్దనడం లేదు. దానితోపాటు ఈ లెక్కల మాస్టారి అబ్బాయి కథ కూడా ఆ పిల్లలకు చెప్పండి. నీ చదువు ఎవరికి నీడ అవుతుందిరా అని ఒక్కసారి అడగండి. మన ఇంటి నుంచి ఈసారి హజ్‌కు బయలుదేరేవారు జిద్దాలో దిగితే, ఆ తెల్లని డేరాల కింద కాసేపు కూర్చున్నప్పుడు, ఆ ఊరిలోనే ఆఖరి శ్వాస విడిచిన ఆ ఢాకా ఇంజనీరు కోసం కూడా ఒక దుఆ చేయమని మా మనవి.